కన్నబాబు నడుం నొప్పి

ఆసుపత్రి బెంచీ మీద కూర్చున్నవాడు పక్కవాడి జబ్బేమిటో అడగడం ఏ శకంలో మొదలైందో శాసనాలు చెప్పవు. రాజ్యాలు పోయాయి, రేవులు పూడిపోయాయి, ఆ ప్రశ్న మాత్రం చెక్కుచెదరలేదు. విశాఖ చేపల రేవులో బోటు కళాసీగా వల లాగే కన్నబాబుకి అది కంచరపాలెంలో, ఒక ఫిజియోథెరపీ సెంటర్లో ఎదురైంది.

వేసవి వేట నిషేధం. బోట్లన్నీ కట్టేసి ఉన్నాయి. ఐదో తరగతి చదివే కూతురు ఈశ్వరికి నిద్రలో పక్క తడపడం ఇంకా తగ్గలేదు. నడుం కింద రెండు పట్టీలు అంటించి సన్నగా కరెంటు పంపితే మూత్రసంచి నరాలు దారికొస్తాయేమో చూద్దామన్నాడు డాక్టరు. రేవువాళ్ళ కంట పడకూడదని కన్నబాబు పిల్లని ఇంత దూరం తెచ్చాడు. తీరా చూస్తే బెంచీ మీద తన బోటు కళాసీయే, నాగబాబు, భుజానికి కట్టుతో.

"ఏటి బావా, ఎవులికి బాలేదు?"

ఈశ్వరి తండ్రి చొక్కా అంచు పట్టుకుంది.

"నాకే. నడుం పట్టీసింది. పిల్లని ఇంటికాడ ఒగ్గీలేక తెచ్చినాను."

"ఓర్నాయనో, నడుమే! మరి నిలబడ్డావేటి, కూకో. వద్దొద్దు, నిలబడే ఉండు!"

తెర వెనక ఫిజియో ఇంద్రజ పిల్లకి పట్టీలు అంటించి మిషన్ వేసింది.

"సీమలు పాకతన్నాయి నాన్నా," అని ఈశ్వరి నవ్వింది. ఆ నవ్వు బయట నాగబాబుకి వినబడకుండా, పక్కనే నిలబడ్డ కన్నబాబు గట్టిగా మూలిగాడు.

"కాస్త తగ్గించండి," అంది ఇంద్రజ. "పురుడు పోస్తున్నాననుకుంటారు."

అలా వేసవంతా మూలిగాడు. లేని నొప్పిని మోయడం వల లాగడం కంటే కష్టమని తేలింది. పిల్ల పక్క మాత్రం అప్పుడప్పుడు పొడిగా ఉండసాగింది.

నాగబాబు మంచివాడు. ఆ మంచితనంతోనే అంతా బోటు ఓనరు శ్రీరామ్మూర్తి చెవిన వేశాడు. నిషేధం ముగుస్తోందనగా ఓనరు కన్నబాబుని రేవుకి పిలిపించాడు.

"కరెంటు పెట్టించుకుంటన్నావట. నడిసంద్రంలో నువ్వు పడిపోతే ఎవుడు సూస్తాడు? ఈ వేటకి నీ బదులు సందీప్‌ని ఎక్కిస్తాను. నువ్వు రెస్టు తీసుకో."

"నాకేటీ లేదు బాబూ."

"మరా కరెంటు ఎవులికిరా?"

వలలు సర్దుతున్న కళాసీలందరూ తలలెత్తారు. నిజం చెబితే బోటెక్కవచ్చు. సాయంత్రానికి ఈశ్వరి పక్క సంగతి వీధి వీధంతా తెలుస్తుంది.

కన్నబాబు నడుం మీద చెయ్యి వేసుకున్నాడు.

"నాకే బాబూ," అన్నాడు.

బోటు వెళ్ళిపోయింది. మర్నాడు ఈశ్వరి పక్క పొడిగా ఉంది. ఆ తర్వాతి రోజు తడిసింది.