గుడి ముందర విడిచిన బూట్లు

మా అన్న రైల్వేలో గార్డు. పాకాల నుంచి బయలుదేరే గూడ్సు బండ్లలో ఆఖరి పెట్టెలో కూర్చుని, పచ్చజెండా ఊపుతూ ఉద్యోగమంతా గడిపాడు. ఆ దారుల్లో ఉన్న ప్రతి చిన్న ఊరూ ఆయనకు తెలుసు, స్టేషను గోడ వరకు మాత్రమే. గోడ అవతల ఏముందో ఏనాడూ చూడలేదు, ఎందుకంటే గార్డు బండి దిగి ఊర్లోకి పోతే బండి కదలదు. రిటైరయ్యాక తనకూ వదినకూ కలిపి జర్మనీ టూరుకు డబ్బు కట్టాడు. టూరు కంపెనీలో పెద్ద నగరాల టూరు ఒకటి, చిన్న ఊర్ల టూరు ఒకటి ఉంటే చిన్న ఊర్లదే కావాలన్నాడు.

"పెద్ద ఊర్లు ఎవురైనా సూస్తారు. నేను సిన్న ఊర్లలో దిగల్ల" అన్నాడు.

దిగడానికని తిరుపతిలో గోధుమరంగు బూట్లు కొన్నాడు. ప్రయాణం నాటికి మెత్తబడాలని రోజూ సాయంత్రం వాటిని వేసుకుని హాల్లో నుంచి వంటింటి దాకా, వంటింట్లో నుంచి హాల్లోకి నడిచేవాడు. తల వంచి తన పాదాలనే చూసుకుంటూ నడిచేవాడు, అవి వేరే ఎవరివో అయినట్టు. దేవుడి పటాలున్న ఇంట్లో బూట్లేందని వదిన రోజూ తిట్టేది. ఒకరోజు తెల్లవారుజామున గుండెలో నొప్పి అన్నాడు. ఆసుపత్రికి చేరేలోపే పోయాడు. వీసా మాత్రం చెప్పిన సమయానికే వచ్చింది.

దినాల నాడు దానానికి గొడుగు, చెప్పులు కావాలన్నారు అయ్యవారు. కొత్త బూట్లు ఊరికే పడున్నాయి కదా, అవే ఇచ్చేయమని బంధువులు అన్నారు. వదిన వినలేదు. బజారు నుంచి చెప్పులు తెప్పించి ఇచ్చింది. బూట్లు మాత్రం కనిపించకుండా పోయాయి. ఆ తర్వాత కొన్నాళ్లు ఆ ఇంట్లో నేను బియ్యం డ్రమ్ము మూత తీయబోతే వదిన నన్ను పక్కకు తోసి తనే తీసేది. బూట్లు అందులో ఉన్నాయని నాకు ఆలస్యంగా తెలిసింది. అప్పటికి ఆ బియ్యం చాలానే తిన్నాను.

నేను చిత్తూరులో తెలుగు టీచర్ని. వేసవి సెలవుల ముందు వదిన నాకు ఫోన్ చేసింది.

"మే, మీ అన్న సీట్లో నువ్వు రా. ఆయన దిగల్లనుకున్న ఊర్లన్నిట్లో ఆ బూట్లు దిగల్ల. అంతే. నాకు సూడాలని ఏం లేదు."

ఆడబిడ్డగా నాకు ఆమెతో పోట్లాడే హక్కు ఎప్పటి నుంచో ఉంది. దాన్ని బాగానే వాడుకున్నాను కూడా. ఆరోజు వాడుకోలేదు.

జర్మనీలో వదిన పట్టుచీర మీద ఆ బూట్లు వేసుకుంది. సైజు పెద్దది కాబట్టి లోపల రెండు జతల మేజోళ్లు తొడిగింది. మా బస్సులో అందరూ తిరుపతి చుట్టుపక్కల వాళ్లే, ఎవరూ ఏమీ అనలేదు. వెనక్కి తిరిగి చూడటం మాత్రం చూశారు. మా గైడు నగరి పిల్లోడు, మద్రాసులో పెరిగాడు. ప్రతి ఊర్లోనూ మైకు పట్టుకుని "సూపరా ఉండాది ఊరు, గంట టైము, బాత్రూముకు పోయి రండి" అని ఒకే మాట చెప్పేవాడు.

ఊర్లు నిజంగానే ముచ్చటగా ఉన్నాయి. అదే నాకు విసుగు. ఏ ఊరు చూసినా వాలు కప్పులు, తెల్లగోడల మీద నల్లటి చెక్క దూలాలు, కిటికీ కిటికీకి పూలకుండీలు, నడిమధ్యలో ఒక నీళ్ల తొట్టి, దాని పక్కన చర్చి, చర్చి మీద గడియారం. గడియారం సరైన టైమే చూపిస్తుంది. మనుషులు మాత్రం కనపడరు. చిత్తూరులో కర్ఫ్యూ పెట్టినా వీధిలో ఇంతకంటే ఎక్కువ మంది ఉంటారు. మా బడి గేటు ముందు పూలకుండీ పెడితే సాయంత్రానికి పువ్వూ ఉండదు, కుండీ కూడా ఉండదు. ఇక్కడ వీధిలో పెట్టింది వీధిలోనే ఉంటుందని వదినకు నేనే చెప్పాను.

వదిన ఇవేవీ చూడలేదు. బస్సు దిగేది, తల వంచి బూట్లను చూసుకుంటూ నీళ్ల తొట్టి దాకా నడిచేది, తిరిగొచ్చేది. "అయిపాయ, పోదాం పా" అనేది. ఏ ఊరి పేరూ అడగలేదు. ఒకసారి చెట్టు నిండా చెర్రీ పండ్లు కాసి ఉంటే భుజం పట్టుకుని చూపించాను. సొంత మామిడితోపు ఉన్న మనిషి, కాపు గురించి ఏదైనా అంటుందని ఆశ. "ఊఁ" అంది. నాకు కోపం వచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. రెండూ మింగి ఐస్‌క్రీమ్ కొనుక్కున్నాను.

చర్చిలోకి మాత్రం తప్పకుండా వెళ్లేది. బూట్లు విడిచి, సంచిలో పెట్టుకుని లోపలికి తీసుకుపోయేది. ఇక్కడ విడవాల్సిన పనిలేదని గైడు మొదటి రోజే చెప్పాడు.

"గుడి గుడే గదప్పా" అంది వదిన. మావైపు చర్చికి పోయినా బయట విడిచే పోతాం కాబట్టి నేను కూడా చెప్పులు విడిచాను.

టూరు ముగియడానికి ఇంకొక్క ఊరే మిగిలిన రోజు అది జరిగింది. ఆ పొద్దున హోటల్లో పండ్లు టిఫిన్ దగ్గరే తినాలి, బయటికి తీసుకుపోకూడదని గైడు అందరికీ చెప్పాడు. దాంతో, పండ్లు తీసుకుపోవచ్చన్న ఆలోచన లేనివాళ్లకు కూడా వచ్చింది. వదిన సంచి నిండా అరటిపండ్లే. చర్చి దగ్గరికొచ్చేసరికి అందులో బూట్లకు చోటు లేదు. నేల తడిగా ఉందని, పక్కనున్న పొట్టి గోడ మీద వాటిని పెట్టింది. కొంగుతో తుడిచి, మేజోళ్లు చుట్టి లోపల దోపి, జత కలిపి నీటుగా పెట్టింది. నా చెప్పులు మెట్ల కింద వదిలేశాను.

బయటికొచ్చి చూస్తే నా చెప్పులు ఉన్నాయి. గోడ మీద ఏమీ లేదు.

తిరుపతి చుట్టుపక్కల పుట్టినవాళ్లకు ఇలాంటప్పుడు నోటికి వచ్చే మాట ఒకటుంది. ఆలోచించకుండా అనేశాను. "పోతే పోనీలే వదినా, గుడికాడ చెప్పులు పోతే శని పోయినట్టు గదా."

వదిన నావైపు చూసింది. "మీ అన్న శనా?" అంది.

వదిన ఒట్టి కాళ్లతో ఆ తడి రాళ్ల మీద నిలబడి, "రేపు ఇంకొక్క ఊరు ఉండాది మే, ఒక్కటే ఉండాది" అంది. నేను పరుగెత్తి గైడును పట్టుకుని, పోలీసులను పిలుస్తావా లేదా అని బడిలో పిల్లల్ని అడిగినట్టు అడిగాను. వాడు ఎదురుగా ఉన్న రొట్టెల అంగడిలోకి పోయి విచారించి, బిక్కమొహంతో తిరిగొచ్చాడు.

"దొంగతనం కాదంట మేడమ్. ఈ ఊర్లో వాళ్లు వద్దనుకున్నవి తుడిసి, ఇట్లే గోడ మీద పెడతారంట. ఎవురికి కావాలంటే వాళ్లు తీసకపోవచ్చంట. నీటుగా పెట్టినారు గదా, ఇచ్చేసినారని అనుకున్యారు."

మెట్ల కింద పారేసినట్టు పడి ఉన్న నా చెప్పులను మాత్రం ఎవరూ తప్పుగా అర్థం చేసుకోలేదు.

ఊరు చిన్నది. వెతకడానికి ఎంతోసేపు పట్టలేదు. నీళ్ల తొట్టి అవతల బెంచీ దగ్గర ఒక ముసలాయన కనిపించాడు. ఆయన పాత బూట్లు బెంచీ కింద ఉన్నాయి. మా బూట్లు ఆయన కాళ్లకు ఉన్నాయి. నేను గొంతు సవరించుకుని ముందుకు పోబోతే వదిన నా చెయ్యి పట్టుకుని ఆపింది.

ముసలాయన బెంచీ నుంచి నీళ్ల తొట్టి దాకా నడిచాడు. అక్కడ తిరిగి, బెంచీ దాకా వచ్చాడు. తల వంచి తన పాదాలనే చూసుకుంటూ నడిచాడు. మళ్లీ తొట్టి దాకా పోయాడు. వదిన చెయ్యి నా చెయ్యి మీద బిగుసుకుంది. మాకిద్దరికీ ఆ హాలు, ఆ వంటిల్లు కనబడుతున్నాయి.

గైడు వెళ్లి ఆయనకు సంగతి చెప్పాడు. ముసలాయన ముఖం ఎర్రబడింది. గబగబా కూర్చుని బూట్ల దారాలు విప్పబోయాడు. వదిన వేగంగా దగ్గరికి పోయింది.

"వద్దప్పా, ఇప్పొద్దని సెప్పు" అంది గైడుతో. "కాలికి సరిపోయినాయేమో అడుగు."

సరిపోయాయని ఆయన తలూపాడు. వదిన సంచిలో చెయ్యి పెట్టి రెండు అరటిపండ్లు తీసింది. వాటి మీద ఒక నాణెం పెట్టి, రెండు చేతులతో ఆయన చేతుల్లో పెట్టింది. దినాల నాడు దానం ఇచ్చినట్టే వంగి దణ్ణం పెట్టింది. ఆయనకు ఏమీ అర్థం కాలేదు. అయినా లేచి నిలబడి, టోపీ తీసి, అరటిపండ్లతో సహా తనూ వంగాడు. గైడు మాత్రం ఆ పండ్లు ఏ హోటల్‌వో గుర్తుపట్టి అటు తిరిగి నిలబడ్డాడు.

బస్సు దగ్గరికి వెనక్కి నడిచాం. నా చెప్పులు వేసుకోమన్నాను. వద్దంది. ఒట్టి కాళ్లతోనే, రాయి చూసి రాయి మీద అడుగేస్తూ నడిచింది. కళ్ల నుంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి, తుడుచుకోలేదు. వీధి మలుపులో ఆగి, తలెత్తి కిటికీల వైపు చూసింది. పూలకుండీలను, నల్ల దూలాలను, గడియారాన్ని ఒక్కొక్కటిగా చూసింది.

"ఈ ఊరి పేరేంది మే?" అంది.

నాకు తెలియదు. ఇన్నాళ్లూ ఆమె వెనకాలే నడుస్తూ నేను చూసింది కూడా ఆ బూట్లనే. గైడును అడిగి వస్తానని పరుగెత్తాను.