ఒక్క పన్ను తేడా

కుట్టు ఫ్యాక్టరీలో ఆమెను అందరూ మిషనక్క అంటారు. మూడు వరుసల్లో నూట ఇరవై మిషన్లుంటాయి. వాటిలో ఏది మొరాయించినా ముందు వినిపించేది "మిషనక్కా!" అన్న కేకే. ఆమె నుదుటి మీది కళ్ళజోడు ముక్కు మీదికి దింపుకుని, స్క్రూడ్రైవరు పట్టుకుని వెళ్తుంది. యాభై రెండేళ్ళ మనిషి. మాట తక్కువ, పట్టుదల ఎక్కువ. "ఆవిడ పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు" అని సూపర్‌వైజరు ఒకసారి గొణిగితే, "నాలుగోది ఎక్కడుందో నువ్వు చూపించు, ఒప్పుకుంటా" అని అక్కడికక్కడే అంటించింది.

ఇంట్లో ఉండేది ఇద్దరు, ఆమె, అత్తగారు. భర్త పోయి ఎనిమిదేళ్ళయింది. మరిది అదే ఊళ్ళో నాలుగు వీధుల అవతల ఉంటాడు. అన్న పోయినప్పుడు తల్లిని తన దగ్గరికి రమ్మన్నాడు. పెద్దావిడ కదల్లేదు. "కొడుకు పోయాడు గానీ కోడలు పోలేదు కదరా!" అంది.

రెండేళ్ళ కిందట ఆ పెద్దావిడ మూత్రపిండాలు మొండికేశాయి. అప్పటి నుంచి వారానికి మూడుసార్లు డయాలసిస్. పొద్దున్నే ఆరింటికల్లా ఆస్పత్రిలో మంచం మీద ఉండాలి. ఆ వేళకి బస్సు ఉండదు. అందుకని పదిహేనేళ్ళ పాత చిన్న కారులో కోడలే తీసుకెళ్ళి దింపి, అటునుంచి అటే ఫ్యాక్టరీకి పోయి, మధ్యాహ్నం భోజనం వేళలో మళ్ళీ వచ్చి తీసుకొస్తుంది.

ఒక శుక్రవారం సాయంత్రం ఇంజను దగ్గర ఏదో కీచుమంటోందని కారును షెడ్డుకి తీసుకెళ్ళింది. షెడ్డు మెకానిక్ బానెట్ ఎత్తి, పక్కనున్న ప్లాస్టిక్ మూత విప్పి, లోపలి టైమింగ్ బెల్టు చూపించాడు. పళ్ళున్న వెడల్పాటి రబ్బరు బెల్టు అది. ఎండిన చెరువు మట్టిలా అడ్డంగా పగుళ్ళు వారి ఉంది.

"ఇది తెగిందంటే పైన వాల్వులూ కింద పిస్టన్లూ గుద్దుకుంటాయి. ఇంజను తుక్కే. ఇవాళో రేపో అన్నట్టుంది."

"అయితే మార్చేయండి. సోమవారం పొద్దున్నే నాకు బండి కావాలి."

"రెండు వారాల దాకా ఖాళీ లేదమ్మా. అయినా ఈ ముసలి బండికి ఇంకా బెల్టెందుకు? అమ్మేయండి. మా బావమరిది తీసుకుంటాడు."

"అమ్మను. నేనే మార్చుకుంటే?"

మెకానిక్ పనివాళ్ళ వైపు చూసి నవ్వాడు. "ఇది కుట్టుమిషన్ కాదమ్మా. ఇంటికెళ్ళి ఎవరైనా మగవాళ్ళని పంపండి, మాట్లాడదాం."

ఆమె చెవులు వేడెక్కాయి. బల్ల మీది తాళం చెవి తీసుకుని, బానెట్ తనే దించి, కారును నత్తలా నడుపుకుంటూ ఇంటికొచ్చింది. దారిపొడుగునా ఆమెకు ఒక్కటే తోచింది. ఫ్యాక్టరీలో పెద్ద మిషన్ల లోపలా పళ్ళ బెల్టే కదా! పై ఇరుసునీ కింది ఇరుసునీ కలిపి తిప్పేది అదే. సూది అడుగుకి దిగి, రెండు మిల్లీమీటర్లు పైకి లేచేసరికి కింద హుక్కు వచ్చి దారం అందుకోవాలి. ఒక్క పన్ను తేడా వచ్చిందా, కుట్టు పడదు, సూది విరుగుతుంది. అలాంటి బెల్టులు ఎన్ని మార్చిందో లెక్కే లేదు.

"మగవాళ్ళని పంపమన్నాడా?" అంది అత్తగారు, సంగతంతా విని. "ఉన్న మగాడికి బల్బు మార్చడం రాదు. నువ్వే కానియ్యి."

"ఇంజను పోతే ఏం చేస్తారు?"

"పోతే పోయింది. పోకముందే ఏడుపెందుకు?"

శనివారం ఫ్యాక్టరీకి సెలవు పెట్టింది. విడిభాగాల కొట్టువాడు బెల్టు, దాన్ని బిగువుగా ఉంచే చిన్న చక్రం ముందు పెట్టి, "ఏ మెకానిక్ పంపాడమ్మా?" అని అడిగాడు. "నేనే మెకానిక్‌ని" అంది. అతను ఇంకేమీ అడక్కుండా పొట్లం కట్టాడు. ఆ కారు రిపేరు పుస్తకం ఒకటి కొట్టులోనే మూల పడి ఉంటే, అదీ అడిగి తీసుకుంది.

ఇంటి ముందు రేకుల కింద పని మొదలైంది. బ్యాటరీ తీగ విప్పింది. వెనక చక్రాలకి ఇటుకలు అడ్డం పెట్టింది. కుడివైపు జాకీ ఎత్తి, కింద ఇనుప స్టాండు నిలబెట్టి, రెండు చేతులతో బండిని ఊపి చూసి, ఆ తర్వాతే చక్రం తీసింది. పాత దుప్పటి పరిచి, విప్పిన ప్రతి బోల్టునీ విప్పిన వరుసలోనే దాని మీద పేర్చింది. ఫ్యాక్టరీలో చేసే పనే. అత్తగారు కుర్చీ వేసుకుని కూర్చుని రిపేరు పుస్తకం ఒళ్ళో పెట్టుకుంది. అక్షరాలు ఆవిడకి ఆనవు. బొమ్మలు మాత్రం చూసి, "ఇదిగో, ఇక్కడేదో బూరెలా ఉంది, అది తీశావా?" అని అడుగుతోంది.

ఆ బూరె దగ్గరే పని ఆగింది. అడుగున ఇంజనుతో పాటు తిరిగే పుల్లీ అది. దాని నడిమి బోల్టు పదిహేనేళ్ళుగా కదిలి ఎరగదు. పానా వేసి లాగితే బోల్టు బదులు ఇంజనే తిరుగుతోంది. బండిని అయిదో గేరులో వేసి, ఎవరైనా బ్రేకు తొక్కి పట్టుకుంటే తప్ప కాదని పుస్తకంలో ఉంది.

"నేను తొక్కుతా" అంది అత్తగారు.

"మీరా? మీ ఒంట్లో ఓపికేదీ?"

"డయాలసిస్ చేతికి గానీ కాళ్ళకి కాదే."

చెయ్యిపట్టి నడిపించుకెళ్ళి డ్రైవరు సీట్లో కూర్చోబెట్టింది. డెబ్భై నాలుగేళ్ళొచ్చినా ఆవిడ ఆ సీట్లో కూర్చోవడం అదే మొదటిసారి. స్టీరింగు రెండు చేతులా పట్టుకుని, ఎదురుగా గోడ తప్ప ఏమీ లేకపోయినా, "ఇక్కణ్ణించి చూస్తే రోడ్డంతా మనదే అన్నట్టుంటుంది కాబోలు!" అంది.

కోడలు పానా పిడికి నీళ్ళ పైపు ముక్క తొడిగి, పిడి పొడుగు చేసింది. "తొక్కండి!" అని, ఒళ్ళంతా బరువు వేసి లాగింది. కదల్లేదు. "ఇంకా గట్టిగా!" "నీ మొగుణ్ణి కన్నప్పుడు కూడా ఇంత ముక్కలేదే!" అని అరిచింది లోపల్నుంచి పెద్దావిడ. నవ్వాపుకోలేక కోడలి చెయ్యి జారి, కణుపులు చక్రం గూటికి కొట్టుకుని తోలు లేచింది. గుడ్డ చుట్టుకుని మళ్ళీ లాగింది. టప్పుమని తుపాకీ పేలినట్టు శబ్దం చేసి బోల్టు వదిలింది.

ఇంజను కింద చెక్క ముక్క పెట్టి రెండో జాకీతో ఆనించి, మూతలు తీసింది. పై చక్రానికొక గీత, కింది చక్రానికొక గీత ఉన్నాయి. రెండూ వాటి వాటి గుర్తులకి ఎదురుగా వచ్చేదాకా ఇంజనును చేత్తో తిప్పి, పాత బెల్టు తీసి కొత్తది వేసింది. బిగువు చూసి, పుస్తకంలో చెప్పినట్టు చేత్తోనే నిండా రెండు చుట్లు తిప్పింది. కింది గీత సరిగ్గా వచ్చింది. పై గీత రాలేదు. ఒక్క పన్ను వెనక ఉంది.

అప్పటికి పొద్దు వాలుతోంది. దాదాపు సరిపోయింది కదా అని ఒక్క క్షణం అనిపించింది. అలా అనిపించినందుకు తన మీద తనకే కోపం వచ్చింది. పానాలు తుడిచి లోపల పెట్టి, "రేపు చూద్దాం" అని తలుపు వేసింది.

ఆదివారం పొద్దున గేటు ముందు చప్పుడైంది. మరిది. వెంట షెడ్డు మెకానిక్, అతని భుజాన బండిని లాక్కెళ్ళే తాడు.

"వదినా, ఇదేం పని? వీధంతా చెప్పుకుంటోంది. ఈయన బండిని షెడ్డుకి లాక్కెళ్తాడు. తాళం ఇవ్వు."

ఆమె గేటు గొళ్ళెం తీయలేదు. "బండి నా పేరు మీదుంది. తాళం నా జేబులో ఉంది. రెండూ ఎక్కడున్నవి అక్కడే ఉంటాయి."

"మరి రేపు అమ్మ ఆస్పత్రికెలా వెళ్తుంది? నేను కారు పంపిస్తాలే."

"పోయిన నెల పంపిస్తానన్న కారు ఇంకా దారిలోనే ఉందిరా నాయనా" అంది కుర్చీలోంచి తల్లి.

మెకానిక్ గేటు కమ్మీల్లోంచి తొంగిచూశాడు. "ఒక్క పన్ను తప్పినా స్టార్ట్ చేయగానే అంతా ముక్కలమ్మా. తర్వాత నన్ననొద్దు."

"నిన్న తప్పింది" అంది ఆమె. "అందుకే స్టార్ట్ చేయలేదు. మీకు పనుంటే వెళ్ళండి. లేదంటే నిలబడి చూడండి. తాడు మాత్రం గేటు దాటదు."

వాళ్ళకి వీపు పెట్టి కూర్చుంది. బిగించే చక్రం వదులు చేసి బెల్టు తీసింది. నిన్నటి తప్పు ఇప్పుడు తెలిసింది. వదులంతా బిగింపు చక్రం ఉన్న వైపుకి రావాలి. అవతలి వైపు కాస్త మిగిలిపోయింది. ఈసారి కింది చక్రం నుంచి మొదలుపెట్టి, అవతలి వైపు తీగలా లాగి పట్టుకుని, పన్ను పన్నుకీ పైకి ఎక్కించుకుంటూ వచ్చింది. బిగించింది. రెండు చుట్లు తిప్పింది. పై గీత గుర్తుకి ఎదురుగా వచ్చి నిలిచింది. నమ్మకుండా మళ్ళీ రెండు చుట్లు తిప్పింది. అక్కడే ఉంది.

కాసేపటికి మెకానిక్, "పుల్లీ బోల్టు గట్టిగా బిగించండి, అది వదులైతే మొత్తం పోతుంది" అన్నాడు. గొంతులో మునుపటి వెటకారం లేదు.

"తెలుసు" అంది ఆమె, తల తిప్పకుండానే.

అన్నీ బిగించేసరికి మధ్యాహ్నం దాటింది. మరిది ఎప్పుడో వెళ్ళిపోయాడు. మెకానిక్ మాత్రం ఎదురింటి అరుగు మీద కూర్చునే ఉన్నాడు. ఆమె బండి దింపి, దుప్పటి మీద ఒక్క బోల్టూ మిగల్లేదని రెండుసార్లు చూసుకుని, సీట్లో కూర్చుని తాళం తిప్పింది. ఇంజను ఒకసారి దగ్గి అందుకుంది. వెంటనే కీచుమని పిల్లి అరుపు! ఆపి, దిగి చూస్తే అది బయటి చిన్న బెల్టు వదులు, అంతే. బిగించి మళ్ళీ తిప్పింది. ఈసారి ఇంజను మెత్తగా, ఒకే తీరుగా మోగింది.

అత్తగారు లేచి నిలబడి, గేటు అవతలికి వినపడేలా, "కుట్టుమిషన్‌లా ఎంత చక్కగా నడుస్తోందో!" అంది. మెకానిక్ తల గోక్కుంటూ లేచి వెళ్ళిపోయాడు.

సోమవారం ఆరుకి పది నిమిషాల ముందే వాళ్ళు ఆస్పత్రిలో ఉన్నారు. నర్సు కోడలి చేతికున్న కట్టు చూసి ఏమైందని అడిగితే, పెద్దావిడ అడ్డొచ్చి నాలుగు గంటల సేపూ చెప్పడానికి సరిపడా కథ మొదలుపెట్టింది.

ఆ పెద్దావిడ ఇంకో మూడేళ్ళు బతికింది. ఒక్క రోజు కూడా ఆస్పత్రికి ఆలస్యం కాలేదు, బండి దారిలో ఆగలేదు. ఆవిడ పోయాక మరిది వచ్చి, "ఇంకా ఎందుకు వదినా ఈ డొక్కు? అమ్మేయ్" అన్నాడు. మరుసటి ఏడు బెల్టుకి గడువు దగ్గరపడగానే, ఒక ఆదివారం పొద్దున్నే ఒక్కతే దుప్పటి పరుచుకుని కూర్చుంది.