జెనోన్ బాబాయ్‌ని దింపాలి

జెనోన్ బాబాయ్ చెట్టెక్కితే దిగడు. ఎవరో ఒకరు వెళ్ళి దింపాలి. చెట్లెక్కి కొమ్మలు కోయడమే బతుకుతెరువైన మనిషికి ఇంతకంటే విచిత్రమైన జబ్బు ఉంటుందా, మీరే చెప్పండి.

మా బృందంలో ఉన్నది ముగ్గురమే: బాబాయ్, మా ఆయన గుస్తావ్, నేను. ఆయన వరసకి బాబాయ్ కాదు, పిలుపుకి బాబాయ్. పోప్లార్లు, లిండెన్లు, గాలివానకు చీలిన చెస్ట్‌నట్లు, ఈ చుట్టుపక్కల ఏ చెట్టుకి ఏ జబ్బొచ్చినా మాకే కబురొస్తుంది. పనిలో బాబాయ్‌కి వంక పెట్టడానికి లేదు. పొద్దున్నే ఎక్కి చకచకా కోసేస్తాడు. పని పూర్తయి, నేను కింద సూపు గిన్నె మూత తీసేసరికి పైనుంచి నీరసంగా వినిపిస్తుంది.

"అమ్మాయ్ బొజేనా, చిక్కుకుపోయాను."

ఒకరోజు కుడికాలు పట్టేసిందంటాడు. ఒకరోజు కళ్ళు తిరిగాయంటాడు. ఇంకోరోజు రంపం చేతిని కోసేసిందన్నాడు. చొక్కా చెయ్యంతా ఎర్రగా ఉంది. హడలిపోయి పైకెళ్ళి చూస్తే అది బీట్‌రూట్ సూపు. సీసాలో పోసుకుని జేబులో దాచుకుని మరీ ఎక్కాడు.

ఒకసారి చర్చి ఆవరణలో ఎంత పిలిచినా పలక్కుండా తల వేలాడేశాడు. ఫాదర్ హిరోనిమ్ చావుబతుకుల్లో ఉన్నవాళ్ళకి రాసే నూనె పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. బాబాయ్ ఒక కన్ను తెరిచాడు. "ఫాదర్‌గారూ, కొమ్మ కింద నిలబడకండి. ప్రార్థన చెయ్యాలంటే అటు గోడ పక్కకెళ్ళి చేసుకోండి."

దింపించుకున్నవాడు ఊరుకుంటాడా అంటే, దిగినంతసేపూ ఒకటే సణుగుడు. నన్ను ముట్టుకునే ముందు నెత్తిమీద విరిగి వేలాడే కొమ్మ ఉందేమో చూశావా, రంపం ఆపావా, నా తల వెనక్కి వాలిపోతోంది సరిగ్గా పట్టుకో, అంబులెన్సుని ఏ గేటు దగ్గరికి రమ్మన్నారు? నీకు అంబులెన్సెందుకు బాబాయ్, కుడుములు చల్లారిపోతున్నాయి అని గుస్తావ్ కిందనుంచి విసుక్కునేవాడు.

ఇది చాలదన్నట్టు, ఎవరు ఎక్కినా సరే, వాళ్ళ తాడు పక్కన ఇంకో తాడు ఖాళీగా వేలాడాలి. అది కట్టకపోతే బాబాయ్ రంపం ముట్టనివ్వడు. గుస్తావ్ దానికి 'బాబాయ్ ప్యాంటు ఆరేసే తాడు' అని పేరు పెట్టాడు. ఒక మధ్యాహ్నం ఆకలేస్తే ఆయనే దిగుతాడులే అని గుస్తావ్ నన్ను కూడా ఆపేశాడు. దిగితే ఒట్టు. వానొచ్చినా బాబాయ్ తడిసిన దుప్పటిలా అక్కడే వేలాడాడు. చివరికి తిట్టుకుంటూ ఎక్కి దింపింది గుస్తావే.

ఈ వసంతంలో శ్మశానం గోడ పక్కనున్న లిండెన్ మీద గుస్తావ్ ఉన్నాడు. ఆయన కోస్తున్నది గాలివానకు మెలితిరిగి పక్క కొమ్మల్లో ఇరుక్కుపోయిన కొమ్మ. కోత పడగానే విదిలించుకుని ఎదురుతిరిగి ఆయన తలకీ డొక్కకీ తగిలింది. రంపం చేజారి నడుముకి వేలాడింది. మా ఆయన తల ఒక పక్కకి వాలిపోయింది. పిలిచాను. పలకలేదు. ఈసారి బీట్‌రూట్ సూపు కాదని నాకు తెలుసు.

నా చేతులు అప్పటికే ప్యాంటు ఆరేసే తాడుని పట్టుకున్నాయి. నేనేం చేస్తున్నానో నాకు తెలిసేసరికి సగం చెట్టు ఎక్కేశాను. నెత్తిమీద కొమ్మలు చూశాను. రంపం ఆగిందో లేదో చూశాను. ఆయన తల నిలబెట్టి, ఆయన బెల్టుని నా బెల్టుకి కొక్కెంతో తగిలించి, ఆయన తాడు విడిపించి, నెమ్మదిగా దిగడం మొదలుపెట్టాను. కింద బాబాయ్ ఫోనులో అంబులెన్సువాళ్ళకి శ్మశానం వెనక గేటు గుర్తులు చెబుతున్నాడు.

గడ్డిమీద పడుకోబెట్టాక గుస్తావ్ కళ్ళు తెరిచాడు. కాసేపు ఆకాశం చూసి నెమ్మదిగా అడిగాడు. "బాబాయ్ మళ్ళీ చిక్కుకున్నాడా?"

నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చేశాయి నాకు. తల దెబ్బని హెల్మెట్ కాసిందనీ, తల కాస్త అదిరిందనీ, ఒక పక్కటెముక విరిగిందనీ, త్వరలోనే ఇంటికి పంపిస్తామనీ ఆస్పత్రిలో డాక్టరు చెప్పాక హమ్మయ్య అనుకుని వరండాలో కూలబడ్డాను. బాబాయ్ పక్కన కూర్చున్నాడు.

"బాబాయ్, నువ్వు ఒక్కసారైనా నిజంగా చిక్కుకున్నావా?"

"ఎందుకు చిక్కుకుంటానమ్మా, నాకేం రోగం? మనిషిని ఎలా దింపాలో నేర్పుతా రండ్రా అంటే మీ ఆయన సిగరెట్టు ముట్టించుకుని అటు పోయేవాడు. నేను వేలాడితే తిట్టుకుంటూనైనా వచ్చేవారు."

"ఊరంతా నిన్ను చూసి నవ్వింది కదా."

"నవ్వనీ. మీ ఆయన కూడా రేపట్నుంచి మళ్ళీ నవ్వుతాడు. నాక్కావలసింది అదే."

గుస్తావ్ మళ్ళీ పనిలోకి దిగిన రోజున, పొట్టి బేరిచెట్టు ఒకటి ఒప్పుకున్నాం. పట్టుబట్టి ఆయనే ఎక్కాడు. కోయాల్సిన కొమ్మలన్నీ కోశాడు. నేను సూపు గిన్నె మూత తీశాను. ఆయన దిగలేదు. కాస్త కాలు చాపితే కంచెకి తగిలేంత ఎత్తులో వేలాడుతూ, నీరసంగా పిలిచాడు.

"బాబాయ్, చిక్కుకుపోయాను."

బాబాయ్ మొహం చాటంత అయింది. నడుముకి బెల్టు బిగించుకుంటూ, ముందా రంపం ఆపావా లేదా అని గదమాయిస్తూ తాడు అందుకున్నాడు. ఇది ఇప్పట్లో తెమలదని నేను సూపు గిన్నె మీద మళ్ళీ మూత పెట్టేశాను.