బాడీ క్లాక్ ప్రకారం రిసెప్షన్‌కి వెళ్తే

మొన్న పంజాగుట్టలో ఒక రిసెప్షన్‌కి గెస్ట్‌గా వెళ్లి సర్వర్‌గా తేలాను. నవ్వకండి, ముందు మొత్తం వినండి!

నాకు షుగర్ బోర్డర్‌లో ఉంది. ఈమధ్య వస్తున్న రీసెర్చ్ గురించి మా డాక్టర్ గారు చెప్పారు. "ఏం తింటున్నామనేదే కాదండీ, ఎప్పుడు తింటున్నామనేది కూడా ఇప్పుడు బాగా స్టడీ చేస్తున్నారు. ఒంట్లో ఒక గడియారం ఉంటుంది. పొద్దున ఉన్నంత చురుగ్గా రాత్రిపూట ఇన్సులిన్ పనిచేయదు. అవే ఇడ్లీలు పొద్దున తింటే ఒక లెక్క, పడుకునే ముందు తింటే ఇంకో లెక్క. రాత్రి భోజనం కాస్త పెందలాడే కానివ్వండి" అన్నారు. ఆయన 'కాస్త' అన్నారు. నేనేమో చీకటి పడితే మంచినీళ్లకి కూడా భయపడే స్టేజ్‌కి వెళ్లిపోయాను!

సరిగ్గా అప్పుడే రిసెప్షన్ పిలుపు వచ్చింది. అమీర్‌పేటలో నేను అకౌంట్స్ చెప్పే కోచింగ్ సెంటర్ ఓనర్ గారి అబ్బాయిది. వెళ్లకపోతే బాగోదు. వెళ్తే డిన్నర్ లేటు. అందుకని ఎండ ఉండగానే బయల్దేరాను.

"గింత జల్ది పోతే ఆడ కుర్చీలు సుత ఎయ్యరు. నేను మెల్లగ వస్తా, నువ్వు పో" అంది మా ఆవిడ కవిత. పక్కా హైదరాబాదీ.

తెల్ల షర్టు, నల్ల ప్యాంటుతో హాల్లో అడుగుపెట్టానో లేదో, క్యాటరింగ్ సూపర్‌వైజర్ ఎదురొచ్చాడు.

"ఏంది భాయ్, గిప్పుడా వచ్చేది?"

"డిన్నర్‌కి వచ్చానండీ..."

"అందరం డిన్నర్‌కే వచ్చినం! జల్ది కూసో. ముందుగాల మనోళ్లు తినాలె."

మనోళ్లంటే పెళ్లివారికి బాగా కావాల్సినవాళ్లని అనుకున్నా. పక్కన కూర్చున్నవాళ్లంతా నాలాగే తెల్ల షర్టులు. డ్రెస్ కోడ్ కాబోలు! వేడివేడి పూరీలు, బిర్యానీ... పెళ్లికొడుకు కంటే ముందే నా భోజనం అయిపోయింది. ఎంత ఆనందమో!

చెయ్యి కడుక్కుని వచ్చేసరికి సూపర్‌వైజర్ ఏప్రాన్, టోపీ, మాస్క్ చేతిలో పెట్టి, "గులాబ్‌జామ్ కౌంటర్ నీదే" అన్నాడు. అప్పుడు వెలిగింది! చెప్పేద్దామని నోరు తెరిచాను. కానీ వాళ్ల పంక్తిలో కడుపునిండా తిన్నాక ఏ మొహంతో చెప్పను? మాస్క్ ఉందిగా, అన్నీ తగిలించుకుని కాసేపాగి జారుకుందాంలే అనుకున్నా.

జారుకునే సందు దొరికితేగా! జనం విరగబడ్డారు. షుగర్ మనిషిని, ఊరందరికీ గులాబ్‌జామ్‌లు పంచుతున్నాను.

ఇంతలో ఎవరో పట్టుచీరావిడ ప్లేట్ చాపింది. "అన్నా, రెండెయ్యి."

గొంతు గుర్తుపట్టేలోపే నోరు జారాను. "ఈ టైమ్‌లో రెండా? బాడీ క్లాక్ ఏమైపోవాలి?"

కవిత తలెత్తింది. మాస్క్ పైన నా కళ్లు చూసింది. ఇక మొదలైంది చూడండి నవ్వు... కౌంటర్ పట్టుకుని, కళ్లమ్మట నీళ్లు కారేదాకా! కట్టుకున్నవాణ్ణి 'అన్నా' అని పిలిచినందుకు ఒకటి, నా అవతారానికి ఒకటి.

సూపర్‌వైజర్ పరుగెత్తుకొచ్చి, సంగతి విని లెంపలేసుకున్నాడు. "మాఫ్ చెయ్యుర్రి సార్! జర ముందే చెప్పొచ్చు గద!"

"ఏం పర్లేదండీ, బిర్యానీ బ్రహ్మాండం" అన్నాను.

కవిత నవ్వాపుకుంటూ నా మాస్క్, టోపీ పీకేసి నన్ను స్టేజ్ మీదికి లాక్కెళ్లింది. కొత్త జంట పక్కన ఠీవిగా నిలబడ్డాను. ఫొటోగ్రాఫర్ కెమెరాలోంచి తలెత్తి, "అన్నా, నువ్వు జర పక్కకు జరుగు. గెస్టులకు ఫొటో తియ్యాలె" అన్నాడు.

చూసుకుంటే, ఒంటిమీద ఏప్రాన్ అలాగే ఉంది. కవితకి తెలుసు, కావాలనే చెప్పలేదు!

మరి నేనేం చేశాను? "నేనూ గెస్టునే" అనొచ్చు కదా? "సారీ సార్" అని, బుద్ధిగా స్టేజ్ దిగిపోయాను!