మునిరత్నం కాయ యాడ అమ్మినాడు

నేను కళ్లారా చూసి రాసిన ఫారాలను దొంగ ఫారాలన్నారు. ఇంట్లో కూర్చుని నింపినానని పనిలోంచి తీసేసినారు.

అప్పుడు నేను చిత్తూరులో ఒక పరిశోధన సంస్థకు ఫీల్డ్ ఇన్వెస్టిగేటరును. బడి చదువు ఎనిమిదితో ఆగింది. మిగతాది గ్రంథాలయంలో నాకు నేనే చదువుకున్నది. నా పైన సూపర్‌వైజరు, ఆయన పైన హైదరాబాదులో రీసెర్చి ఆఫీసరు. ఎన్నికలు ముగిసిన ఆ మామిడి సీజనులో మాకిచ్చిన పని, పార్టీ కక్షలు రైతు అమ్మకాన్ని మారుస్తాయా అని తేల్చడం. "ధర ఎక్కువిస్తే అవతలి పార్టీవాళ్ల మండీకి కాయ అమ్ముతారా?" అవును, కాదు. రెండే గళ్లు. మండీ అంటే కాయను టోకున కొనే అంగడి; మా పక్క ఒక్కో మండీ ఒక్కో పార్టీవాళ్లది.

పాకాల దగ్గర పల్లెలో మునిరత్నం అనే రైతు "ఎందుకమ్మను? అమ్ముతా" అన్నాడు. ఊరంతా అదే మాట. నాకు నమ్మకం కుదరలేదు. కోతల రోజు ఆయన ట్రాక్టరెక్కి పోయినాను. అవతలి పార్టీ మండీ ముందర పలక మీద ధర ఎక్కువే రాసి ఉన్నింది. ట్రాక్టరు ఆడ ఆగనైనా ఆగకుండా సొంత పార్టీ మండీకి పోయింది.

"ఏమప్పా, నాతో అట్ల చెప్తివే?" అన్నాను.

"చదువుకున్నోడివి వచ్చి అడిగితే తక్కువకు అమ్ముతానని ఎట్ల చెప్పేది? నవ్వవా? ట్రాన్స్‌ఫార్మరు కాలితే కరెంటాఫీసుకు నాతో వచ్చేది ఈ మండీ ఆయన. ఎక్కువిచ్చేవాడు వస్తాడా? పోనీ, నువ్వొస్తావా?"

ఇది పార్టీ పిచ్చి కాదు, బతుకు లెక్క. వారమంతా మండీ దగ్గరే నిలబడి చూసినాను. ఆ పల్లెవాళ్లందరిదీ అదే దారి. ఫారాల్లో "కాదు" అని మార్చి, పక్కన కారణం రాసినాను.

బ్యాక్ చెక్ అని ఒకటుంటుంది. సూపర్‌వైజరు కొన్ని ఇండ్లకు మళ్లీ పోయి అదే ప్రశ్న అడగాల. ఆయన జీపు దిగి అడిగినాడు. మునిరత్నంతో సహా అందరూ "అమ్ముతాం సార్" అన్నారు. నా టిక్కులన్నీ కొట్టేసి ఎర్ర సిరాతో "అవును" పెట్టినాడు. ఒక్కసారి మండీకి రండి, చూపిస్తానన్నాను. ఫారంలో మండీ లేదన్నాడు.

ఆ ఎర్ర సిరా చూపించే నన్ను పనిలోంచి తీసేసినాక, రీసెర్చి ఆఫీసరుకు రిజిస్టరు పోస్టులో ఏడు ఉత్తరాలు రాసినాను. మనిషి చెప్పింది ఒక గడిలో, చేసింది ఇంకో గడిలో రాయాలనేదే ఆ ఉద్యోగం నాకు నేర్పిన పాఠం. మామిడి మళ్లీ కాపుకొచ్చినాక జవాబు వచ్చింది:

"మీరు రాసినది నిజమేనని మండీకి వచ్చి చూశాక తెలిసింది. అయితే నివేదిక అప్పటికే అచ్చయింది. మునిరత్నం గారిని 'అవును' కిందే లెక్కవేశాము."