బయట కనబడితే పలకరించకూడదు

మా సంఘంలో మొదటి నియమం నేనే పెట్టాను. బయట ఎక్కడ కనబడినా ఒకరినొకరు పలకరించకూడదు, ఎవరి ఇల్లెక్కడో అడగకూడదు. పదకొండు మంది ఆడవాళ్ళం, హెచ్ఐవీ మందుల కోసం పెద్దాసుపత్రి వరసలో నిలబడి పరిచయమైనవాళ్ళం. నెలకోసారి వన్ టౌన్‌లో, మాలో ఒకామె దర్జీ కొట్టు మేడ మీద కలిసేవాళ్ళం. ఎవరైనా అడిగితే చీరల చీటీ అనేవాళ్ళం. తలా కాస్త వేసుకుని, కొంత వ్యాపారాలకు అప్పుగా ఇచ్చి, కొంత జబ్బు చేసినవాళ్ళకని విడిగా దాచేవాళ్ళం. మందులు ఊరికే ఇస్తారు, నిజమే. స్కానింగులకీ ఆటోలకీ, పనికి పోలేని రోజుల్లో బియ్యానికీ ఎవరిస్తారు?

నియమానికి కారణం ఉంది. మా ఆయన పోయాక సంగతి బయటపడి, నేను నీళ్ళు పట్టుకున్న కుళాయిని ఇంటి ఓనర్లు నా కళ్ళముందే సబ్బు పెట్టి తోమారు. గోపాలపట్నం వచ్చేసి, సంఘం అప్పుతో కుట్టుమిషను కొనుక్కుని, మళ్ళీ తలెత్తుకు తిరిగాను. మేడ మీద ఎవరైనా పొరపాటున తమ వీధి పేరు చెప్పబోతే కసిరేదాన్ని. అదేదో గొప్ప తెలివి అనుకున్నాను.

చేపలమ్మే పెద్దావిడ ఒకామె మాలో ఉండేది. అక్కని అప్ప అనడం మా వైపు అలవాటు, ఆమె అందరికీ అప్పే. సంఘం డబ్బుతోనే గంప ఎత్తింది. "సేపల కంపుకి ఎవులూ దగ్గిరికి రారే, నాకదే మంచిది" అని నవ్వేది.

ఒకరోజు ఎండలో మా వీధికే వచ్చింది. పక్కింటావిడ బేరమాడుతోంది. నేను గుమ్మంలో ఉన్నాను. అప్ప సగమైపోయింది, దగ్గు ఆగడం లేదు. నావైపు చూసి ఏదో అనబోయింది. నేను తలుపు వేసేసుకున్నాను.

తర్వాత రెండు నెలలు అప్ప మేడ మీదికి రాలేదు. ఫోను స్విచ్చాఫ్. మందుల వరసలోనూ ఎవరికీ కనబడలేదు. మందు మానేస్తే ఏమవుతుందో మాకు వేరే చెప్పనక్కర్లేదు. ఆమె కోసం జబ్బు డబ్బు తీసి పెట్టాం గానీ, తీసుకెళ్ళి ఇవ్వడానికి ఇల్లెక్కడో పదిమందిలో ఒక్కరికీ తెలియదు. అందరూ నావైపు చూశారు.

మర్నాడు ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళాను. వలలు కుట్టేవాళ్ళని అడుగుతూ పోతే, ఐసు ఫ్యాక్టరీ వెనక రేకుల నీడలో కనబడింది. చుట్టూ చేపలు ఎండబెడుతున్న ఆడవాళ్ళు. "నీకోసం ఎవులో వొచ్చారే" అంది ఒకామె. అప్ప నన్ను ఎగాదిగా చూసి, "ఏటో, నానెరగను. ఇంకెవులి కోసమో అయ్యుంటాది" అంది. కూర్చోడానికి ఓపిక లేని మనిషి, నా నియమం మాత్రం తప్పలేదు.

సిగ్గుతో నాకు ఏడుపొచ్చింది. పక్కనే కూలబడి, అందరికీ వినబడేలా అన్నాను. "మా అప్పే ఈవిడ. ఆస్పత్రికి తీసుకెల్లడానికొచ్చాను."

ఆటోలో నా భుజం మీద తల వాల్చింది. "ఎవులైనా సూత్తారే."

"సూడనీ."

టీబీ ముదిరిపోయిందన్నారు. డబ్బుకి లోటు రాలేదు, పదిమందిమీ వంతులేసుకుని మంచం దగ్గర కూర్చున్నాం. అయినా మూడు వారాలకే పోయింది. పోయే ముందు ఒక మధ్యాహ్నం ఉండబట్టలేక అడిగాను. "ఆరోజు మా గుమ్మం కాడ ఏటనబోయావప్పా?"

కాసేపు గుర్తు చేసుకుంది. "దాహమేసిందే. సుక్క నీల్లు అడుగుదావనుకున్నాను."

గ్లాసుతో నీళ్ళు పట్టాను. రెండు గుక్కలు తాగి, చాలంది.