మల్లమ్మ కొట్టం చూరు

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. నేను ఆడిన ఒక అబద్ధం ఇన్నేళ్లుగా గుండెల మీద బండలా ఉంది. ఇంట్లో అమ్మకు కూడా చెప్పలేదు.

అప్పటికి ప్రపంచ యుద్ధం ఇంకా మొదలు కాలేదు. నేను ఓవర్సీరు చదువు ముగించి కొత్తగా ఉద్యోగంలో చేరాను. ఇళ్లూ కొట్టాలూ కాయిదా ప్రకారం, అంటే సర్కారు నిబంధనల ప్రకారం కట్టారా లేదా అని కొలిచి చూడటం నా పని. ఛత్రినాకలో మా అద్దె ఇంటి పక్కనే మల్లమ్మ ఉండేది. భర్త లేడు. ఒక్క బర్రె, దాని పాలతోనే బతుకు. దానికోసం మట్టిగోడలు పెట్టి, గడ్డి కప్పి కొట్టం వేసుకుంది. గల్లీకీ కొట్టం గోడకూ మధ్య కొంత జాగా వదలాలి. వదిలింది. కప్పు చూరు మాత్రం ముందుకు వచ్చి ఉండేది. చూరును లెక్కలోకి తీసుకోకూడదని కాయిదాలోనే ఉంది. అది నాకు కంఠతా వచ్చు.

ఒక సాయంత్రం మా పై అధికారి మా ఇంటికి వచ్చి, ఆ కొట్టం పేడవాసనకు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. చాయ్ సగంలోనే వదిలేసి వెళ్లాడు. నాకు తల కొట్టేసినట్టయింది. మర్నాడే టేపు పట్టుకుని మల్లమ్మ వాకిట్లో నిలబడ్డాను. టేపు కొస ఆమె చేతికే ఇచ్చి, చూరు అంచున పట్టుకోమన్నాను.

"గీడనా బిడ్డా? మొన్న మా మరిది కొట్టం గోడకాడికెల్లే కొలిస్తివి గద!" అంది నవ్వుతూ.

"కాయిదా మారింది. జాగా తక్కువైంది. కొట్టం తీసెయ్యాలె."

"తీసేసి బర్రెను నీ ఆఫీసుల కట్టెయ్యాల్నా ఏంది?" అని, నా ముఖం చూసి నవ్వు ఆపేసింది. "చూరే గద అడ్డం? కోసేస్తే సరిపోతదా?"

కాదంటే ఎందుకు కాదో చెప్పాలి. "సరిపోతది" అన్నాను.

"గంతేనా! ఊకెనే ఫికర్ పెడితివి. ఇంట్ల మనిషివి గాబట్టి ముందుగాల్నే చెప్పినవ్. ఇంకొకడైతే జుర్మానా ఏస్తుండె."

చూరు లేని మట్టిగోడ వానకు ఆగదని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి నేను. ఆమె కొడవలితో చూరు కోస్తుంటే కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను. వెళ్లి ఆపవచ్చు. ఎందుకు ఆపలేదు? ఆపితే అబద్ధం బయటపడి ఉద్యోగం పోతుందని అప్పుడు నాకు నేను సర్దిచెప్పుకున్నాను, కానీ నిజంగా పోయేదా అని ఇప్పుడు నన్ను నేను అడిగితే, పోయేది నా పరువొక్కటే, అదీ ఆమె ఒక్కదాని ముందు.

శ్రావణంలో ముసురు పట్టింది. గోడ నానింది. నాని, బర్రె మీదే కూలింది. బర్రె బతకలేదు.

గల్లీ అంతా వానను తిట్టింది. మల్లమ్మ తన రాతను తిట్టుకుంది. నేను ఆమె పక్కనే నిలబడి, అవునన్నట్టు తల ఊపాను. అబద్ధం ఒక్క క్షణంలో నోటికి వచ్చింది అనుకోవచ్చు. తల ఊపడానికి ఏం సాకు చెప్పను?

ఆమె సైదాబాద్ వెళ్లిపోయింది. అక్కడ వేరేవాళ్ల బర్రెల కింద పేడ తీస్తోంది. నయాపూల్ దగ్గర ఎప్పుడైనా ఎదురుపడితే అమ్మ బాగుందా అని అడుగుతుంది. బాగుందంటాను. చెబుదామనుకున్న ప్రతిసారీ, ఆమె "పోనీ బిడ్డా" అనేస్తుందేమోనన్న భయమే నా నోరు నొక్కింది. అది వినే అర్హత నాకు లేదు. మీరూ ఆ మాట అనవద్దు.

కాయిదా మారలేదు. మారిందని నేను చెప్పాను. ఆమె నమ్మింది.

రాశాను. ఊపిరి కొంచెం ఆడుతోంది.